బాణం గుర్తు టైరు

ఏం బిడ్డా విజయ్‌కుమారూ, కిరాయికి దిగి నెల నిండలే, అప్పుడే నా వాకిలిని మెకానిక్ షాపు చేసినవా? ఏందీ, ఫోన్ల చూసుకుంట టైరు నువ్వే మారుస్తున్నవా? మార్చు మార్చు. గా సబ్బునీళ్లు జర ఎక్కువ రాయి, లేకుంటే టైరు రింగు మీదికి ఎక్కదు. నాకెట్ల తెలుసంటవా? మా మట్టయ్య అక్కను గద నేను! నల్గొండ దిక్కునుంచి మూటముల్లె కట్టుకోని ఒచ్చి, గీ ఎల్బీనగర్ల గీ ఇల్లు లేపింది నా తమ్ముడే. బండి టైరు వాడు ఇంట్లనే మార్చేటోడు, జన్మల షాపుకు పోలే. రెండు ఇనుప పట్టీలు సందుల పెట్టి ఇట్లంటే చాలు, అరటితొక్క లెక్క ఊడొచ్చేది. గల్లీ గల్లంత చూడనీకె ఒచ్చేది. టికెట్టు పెట్టి ఉంటే ఈపాటికి ఇంకో అంతస్తు లేస్తుండె. టైరు ఎక్కించినంక చక్రం కింద నిమ్మకాయ పెట్టి తొక్కించేటోడు. అన్నిటికంటే ముందుగాల టైరు పక్కకు బాణం గుర్తు చూసేటోడు. కొన్నిటికుంటది, ఏ దిక్కు తిరగాల్నో చెప్పే బాణం. "అక్కా, బాణం తప్పితే టైరు తొవ్వ మర్చిపోతది" అంటుండె. నేను నవ్వేదాన్ని. అప్పుడు నవ్విన.

మాకు చిన్న తమ్ముడు ఇంకొకడుండె, తిరుపతి. వాని బండికి ముందలి టైరు కొత్తది మట్టయ్యనే ఎక్కించిండు. బాణం సక్కగ పెట్టిండు, నిమ్మకాయ తొక్కించిండు, అన్నీ చేసిండు. ఆ దినమే మూసీ పొంగింది. నీళ్లంటే మామూలు నీళ్లా, బర్రెలు, బీరువలు, పెండ్లి పందిరి పందిరి కొట్టుకపోయినయి. మూసారాంబాగ్ బ్రిడ్జి మీద బండి దొరికింది. పడలేదు, స్టాండేసి ఉన్నది. ముందలి చక్రం నీళ్ల దిక్కు తిరిగి ఉన్నది. తిరుపతి లేడు. వారం దినాలు మూసీని గాలించిండ్రు, ఒక్క చెప్పన్న దొరకలే. బండి అమ్మినం గని, ఆ టైరు మాత్రం మట్టయ్య విప్పి మెట్ల కింద పారేసిండు. "దీని మీద ఇంకొకడు ఎక్కొద్దు" అన్నడు. ఒక్క తొవ్వ తిరిగిన టైరు బిడ్డా. కొత్త రబ్బరుకు సన్న ఎంట్రుకలుంటయి సూడు, అవి గూడ పోలే.

ఇగ తెలంగాణ కొట్లాట ముదిరింది. బస్సులన్ని డిపోల, జనమంత రోడ్డు మీద. చౌరస్తల టైర్లు కాలిస్తే, నేను ఆరేసిన తెల్లచీర పొద్దుమీకేసరికి నల్లచీర అయితుండె. పోరగాండ్లు మందలు మందలు ఒచ్చేది. "మట్టయ్యన్నా, జై తెలంగాణ! పాత టైర్లుంటే ఇయ్యే!" మావోడు ముందే ఉషారు, ఇంటెనక పేర్చినయన్ని ఇచ్చేసిండు. "మెట్ల కింద ఇంకోటున్నది గదనే?" అని ఒకడంటే, "అది కాలదు రా" అన్నడు. ఎందుకట్లన్నడో నేను అడగలే.

గా ఊపుల ఏం జరిగిందంటే, కాలిన టైర్ల లోపలి ఇనుప తీగెలు రోడ్డంత పడి ఉంటయి గద, మట్టయ్య బండి ముందలి టైరు వాటికే చీరింది. బందుల షాపులేడియి? అదే దినం పగటీలి వాని పెండ్లాం యాదలక్ష్మికి నొప్పులు లేచినయి. "నా పానం పోతున్నది వదినా!" అని కేకలు పెడితే చంపాపేట్ దాక ఇనబడ్డయి. పక్కింటి సూర్యప్రభ విజయవాడ దిక్కామె, "కంగారు పడకండి, ఆటో ఏదైనా వస్తుందేమో" అన్నది. ఏడొస్తది? మట్టయ్య మెట్ల దిక్కు చూసిండు. నా దిక్కు చూసిండు. ఆ టైరు గుంజి, ఎక్కించిండు. బాణం చూడలే. నిమ్మకాయ పెట్టలే.

నడుమ యాదలక్ష్మి, ఎనక నేను. మేం పోవాల్సిన దవాఖాన మూసారాంబాగ్ దిక్కు. ఇగో బిడ్డా, నేను పెంచి చెప్తనని గల్లీల పేరున్నది, గిది మాత్రం పెంచుతలేను. దిల్‌సుఖ్‌నగర్ రాంగనే హ్యాండిలు ఎనకకు తిరుగుడు మొదలువెట్టింది. మట్టయ్య సక్కగ పడతడు, అది తిరుగుతది. ఎద్దు మెడ తిప్పినట్టు. "నేను తిప్పుతలేనక్కా" అన్నడు, చెమటలు కారుతున్నయి. బండి ఒచ్చిన తొవ్వనే మళ్లి, చంపాపేట్ల ఒక చిన్న దవాఖాన ముందల పోయి ఆగింది. జర ఆలస్యమైతే తల్లీబిడ్డ ఇద్దరు దక్కకపోదురన్నది డాక్టరమ్మ. పుట్టిన పిల్ల ఇయ్యాల పదోతరగతి, తల్లి కంటే పెద్ద నోరు.

ఇంటికొచ్చినంక మట్టయ్య చక్రం దిక్కు చూసి నెత్తి కొట్టుకున్నడు. బాణం ఉల్టా ఉన్నది. "ఇన్నేండ్లల్ల గిసొంటి తప్పు చేయలే అక్కా." నేనన్న, "తమ్మీ, తిరుపతిని అటు తీస్కపోయిన టైరు, ఉల్టా ఉండబట్టే మనల్ని ఇటు తెచ్చింది. దాన్ని ముట్టకు." ఇంటడా? "పని పనే" అన్నడు. విప్పిండు, తిప్పిండు, బాణం సక్కగ పెట్టిండు. నిమ్మకాయ గూడ తొక్కించిండు.

మల్ల దినం పగటీలి పెండ్లానికి అన్నం గిన్నె పట్టుకోని చంపాపేట్ పోయిండు. పోయిండు అంటే, బయలెల్లిండు. బండి మూసారాంబాగ్ బ్రిడ్జి మీద దొరికింది. స్టాండేసి ఉన్నది. గిన్నె హ్యాండిలుకు ఏలాడుతున్నది, అన్నం ఇంక వేడిగనే ఉన్నది. మూసీల మోకాలుమట్టం నీళ్లు లేవు ఆ దినం. చక్రం మాత్రం నీళ్ల దిక్కే చూస్తున్నది.

టైరును కాల్చుమని చౌరస్తకు పంపిన. మంట ఆరినంక బూడిదల అట్లనే ఉన్నదంట. పోరగాండ్లు భయపడి తెచ్చి మల్ల మన మెట్ల కిందనే...

అవునుగని, నీ చీరిన టైరు గా గోడకు ఆనిచ్చి ఉన్నదే. మరి చక్రానికి ఎక్కించిందేడిది? కొన్నవా? ఎంట్రుకలు గూడ పోలేదు, కొత్తదే అంటవా... ఏడ దొరికింది?

బాణమో? ఫోన్ల చెప్పినట్టు సక్కగనే పెట్టినవా.

సరే. చక్రం తిప్పుడు ఆపు బిడ్డా. చెయ్యి తీసినవా? ఎప్పుడు తీసినవు? మరి అది ఇంక తిరుగుతనే ఉన్నదేంది?

గా ఇనుప పట్టీ ఇటియ్యి. ఇటియ్యి అంటున్న గద.