పదహైదేండ్ల కాలరు

బెంగళూరు పక్కన హెబ్బగోడిలో ఒక గార్మెంట్స్ ఫ్యాక్టరీ. భోజనాల వేళ గోడ నీడన ఇద్దరు కుట్టుపనివాళ్లు డబ్బాలు మూస్తున్నారు. ఒకామెకు నలభై దాటాయి, రెండో ఆమె చిన్నది.

"శాంపిల్ టైలర్ టెస్టుకి నేను పేరు ఇచ్చినా. నువ్వు ఇయ్యలేదా అక్కా?"

"నాకెందుకు లేమ్మా. నా మిషను, నా కాలరు. సుఖంగా ఉండా."

"పోయినేడూ ఇదే అంటివి. మన లైను ఎత్తేస్తారంట ఈసారి."

"ఏటేటా అంటారు. పదహైదేండ్లుగా దినానికి ఐదొందల కాలర్లు కుడతా ఉండా. ఒక్కటి వాపసు రాలేదు."

"టెస్టులో షర్టు మొత్తం కుట్టల్ల."

"తెలుసు."

"అక్కా, నీకు షర్టు కుట్టేది రాదా?"

"కాలరు వస్తాది. చేతులు పక్క మిషను నేత్రావతి కుడతాది, జేబులు ఇంకొకరు."

"ఇన్నేండ్లలో ఎవురినీ అడగలేదా?"

"అడిగేకి ఏం అవసరం వచ్చె? పోయిన నెల మా పాప గౌను కుట్టియ్యమని గుడ్డ తెచ్చింది. మా వీధి టైలరుకి ఇచ్చి కుట్టించి, నేనే కుట్టినానని చెప్పినా."

"నమ్మిందా?"

"క్లాసులో అందరికీ చూపించుకుండాది. ఇప్పుడు చంక దగ్గర బిగుతుగా ఉందంట. విప్పి వదులు చెయ్యమని రాత్రి నా వొళ్లో పెట్టింది."

"ఏం చేస్తివి?"

"తలనొప్పి అన్నా. గౌను ఈ సంచిలో ఉండాది. సాయంత్రం టైలరు కాడికి పోవల్ల."

బెల్లు మోగింది.

"లే అక్కా, సూపర్‌వైజర్ చూస్తా ఉండాడు."

"చూడనీ. ఇట్ల కూర్చో. గౌను చెయ్యి విప్పితే, మళ్లా యాడనుంచి కుట్టుకుంటా రావల్ల?"