తమ్ముడి రాత

శంషాబాద్ ఆర్కైవ్స్‌లో, వెనకటి వ్యవసాయ విద్యార్థులు పాఠాలు వింటూ రాసుకున్న నోట్సులను భద్రపరిచే ఉద్యోగిని ఒక పుస్తకం తెచ్చి బల్ల మీద తెరిచింది. మహేశ్వరం నుంచి వచ్చిన ముసలామె దాని మీదికి వంగింది.

"గిది మా తమ్ముడు రాసిందేనా బిడ్డా?"

"అవును అవ్వా. ఆయన దోస్తు దాచిపెట్టి మాకిచ్చిండు."

"నాకియ్యి. ఇంటికి తీస్కపోత."

"ఇయ్యరాదు. జిరాక్స్ తీసిస్త."

"జిరాక్స్ మీద వాని చెయ్యి పడ్డదా? ఊరేగింపుల పోలీసోళ్ల తూటా తగిలి సచ్చిండు. శవాన్ని గూడ సూడనియ్యలే. ఒక్క ఫొటో లేదు. ఇప్పుడు వాని మొకమే యాదికొస్తలేదు బిడ్డా! నీ కాళ్లు మొక్కుత, ఒక్క కాయితం చింపియ్యి."

"అయ్యో, లెవ్వు అవ్వా! చింపితే నా కొలువు పోతది. జర పైలంగ ముట్టుకో."

ముసలామె పేజీ మీద అరచెయ్యి ఆనించింది.

"ఏం రాసిండు?"

"ఎర్రచెల్క నేల నీళ్లను పట్టి ఉంచదట. దానికి ఏం చెయ్యాల్నో రాసుకున్నడు."

"మాది ఎర్రచెల్కనే! మా చేను కోసమే సదివిండు. ఏం చెయ్యాల్నట? సదువు బిడ్డా, సదువు!"

ఉద్యోగిని కనిపించినంత వరకు చదివి ఆగిపోయింది. మిగతా అక్షరాలు ఆ అరచేతి కింద ఉన్నాయి. చెయ్యి తియ్యమనడానికి ఆమెకు నోరు రాలేదు.