జురందీర్ రెప్ప వాల్చని ఐదు రోజులు

జురందీర్ మాటలు కోటలు దాటడం రొందొనోపొలిస్ ఊరి పెట్రోలు బంకులో కొత్తేం కాదు గానీ, ఆ పూట అతని ఆత్రం వేరు. సోయా లారీలు బారులు తీరి ఉన్నాయి. ఆ లారీల యజమానురాలు జులైదెమ్మ డ్రైవర్లందరి వెంట్రుకలూ కత్తిరించి పరీక్షకు పంపే రోజది. మూడు నెలల కిందట నిద్రాపే బిళ్ల మింగినా ఆ వెంట్రుక పట్టిచ్చేస్తుంది. నమ్మకస్తుడు అనిపించుకున్నవాడికి కొత్త లారీ ఇస్తానందావిడ. దాని మీద జురందీర్ ప్రాణాలన్నీ పెట్టుకున్నాడు.

“మొన్న పరనగువా రేవుకి పోయానా, రెండు రాత్రులు రెప్ప వాల్చలా. బిళ్లా లేదు, చుక్కా లేదు, ఒట్టి కాఫీ. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మూడో రోజుకి నిద్రే నన్ను చూసి జడుసుకుంది.”

“కాఫీ మాత్రం ఎందుకు మామా, దండగ,” అన్నాడు ఆదెల్మో. ఏ సరుకుకైనా వీళ్లిద్దరి లారీలూ జంటగానే పోతాయి.

“మానేశాగా! నాలుగో రోజు ఎడం కంటికి సెలవిచ్చి కుడి కంటితో నడిపా. ఐదో రోజు ఘాట్ రోడ్డు దిగుతుంటే రెండూ మూసుకున్నా దారి కనబడుతూనే ఉంది. రేవులో కాటా దగ్గర లారీ బరువే తూగలా. ఎలా తూగుద్ది, చక్రాలు నేలకి ఆనితేగా? ఇంక పోయినసారి నా వెంట్రుక చూసిన డాక్టరైతే, దాన్ని గాజుపెట్టెలో పెట్టించి రోజూ దండం పెట్టుకుంటున్నాడంట.”

అందరూ నవ్వి, ఉన్నట్టుండి ఆగిపోయారు. అతని వెనకే జులైదెమ్మ నిలబడి ఉంది.

“ఐదు రోజులూ నిద్రపోలేదా?”

“లేదమ్మగారూ,” అనేశాడు అలవాటు కొద్దీ.

“బిళ్ల లేకుండా ఐదు రోజులు మేలుకున్న మనిషిని ముప్పయ్యేళ్లలో నేను చూడలేదు. బిళ్లయినా మింగుండాలి, అబద్ధమైనా చెప్పుండాలి. ఏది?”

జురందీర్‌కి ముందు నుయ్యి, వెనక గొయ్యి. నిద్రపోయానంటే ఈ బంకులో ఇక తలెత్తుకోలేడు. పోలేదంటే కొత్త లారీ సరే, ఉన్నది కూడా ఊడుతుంది. పాపం, ఆ నోటికి అంత కష్టం ఎప్పుడూ రాలేదు.

ఆదెల్మోకే జాలేసింది. “పొద్దుగూకితే చాలమ్మగారూ, బండి పక్కకి తీసి తలుపేసుకుంటాడు. ఆ ఐదు రోజులూ నిద్ర లేనిది నాకు, వీడి గురకకి.”

బంకంతా గొల్లుమంది. జులైదెమ్మ మాత్రం నవ్వలేదు. నిజమేనా అని అడిగింది. జురందీర్ టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

“నిజమేనమ్మా. రోజుకి తొమ్మిది గంటలు.”

“నాకు కావాల్సింది అలాంటివాడే. పోయి వెంట్రుకలిచ్చి రా. కాగితం బాగా వస్తే కొత్త బండి నీదే.”

“తొమ్మిది కాదమ్మగారూ, పన్నెండు,” అన్నాడు ఆదెల్మో. “పుట్టి బుద్ధెరిగాక ఇవాళే మొదటిసారి తగ్గించి చెప్పాడు.”