దెబోరా డ్రమ్ మెషీన్

లేదండీ సామ్యూల్ గారూ, స్తోత్రం అనకండి. ఈ ఒక్క విషయానికి మాత్రం అనకండి, మీకు దణ్ణం పెడతాను.

మా దెబోరా ఆ డాన్స్ గ్రూప్ మానేసిందని ఆదివారం చర్చిలో అందరూ నా చెయ్యి పట్టుకుని ఊపేశారు. ఏడాదిగా ప్రార్థన చేశాం, దేవుడు విన్నాడు అన్నారు. ఇప్పుడు మీరేమో దాన్ని హార్మోనియం వాయించమని అడగడానికి వచ్చారు. ఏం వాయిస్తుందండీ? గదిలోంచే బయటికి రావట్లేదు.

ఈ ఎనభై నాలుగులో బ్రేక్‌డాన్స్ పిచ్చి ఏ పిల్లకి లేదు చెప్పండి? మా గరాజ్‌లో అట్టలు పరిచి ముగ్గురు కుర్రాళ్లు తలకిందులుగా గిరగిరా తిరిగేవాళ్లు. మా పిల్ల డ్రమ్ మెషీన్ ముందు కూర్చుని బటన్లు నొక్కేది. నలుగురికీ కలిపి ‘వోల్టేజ్ ఫోర్’ అని పేరు. నాకూ గోలే అనుకోండి. కానీ ఆ దరువులన్నీ దీని బుర్రలోంచి వచ్చినవే! ఆర్నెల్లు కూర్చుని ఒక్కో దెబ్బా ఆ డబ్బాలోకి ఎక్కించుకుంది.

శనివారం షికాగో నుంచి రికార్డ్ కంపెనీ వాళ్లు మన అరోరా ఊరికి వచ్చారు. నచ్చితే రికార్డు వేస్తామన్నారు. నేనే డ్రైవ్ చేసి హాలుకి తీసుకెళ్లి వెనక వరసలో కూర్చున్నాను. దెబోరా బటన్ నొక్కింది. చప్పుడు లేదు. మళ్లీ నొక్కింది. లైట్ వెలుగుతోంది గానీ దరువు రాదే! ఆ కుర్రాళ్లు ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉంచి దీని వైపు చూశారు. ఏం చెప్పనండీ ఆ చూపు?

తప్పు బటన్ నొక్కి చెరిపేశావన్నారు. ఇంక రావద్దన్నారు. ఇది మానేయలేదండీ, వాళ్లే మాన్పించారు.

అసలు సంగతి చెప్తాను, కూర్చోండి. చీరాలలో మా నాన్న రేడియో ఆపగానే వెనక మూత తీసి సెల్స్ బయట పెట్టేవారు. ఉంచితే కారిపోయి రేడియో పాడవుతుందని. మీ ఇంట్లోనూ అంతే కదూ? నాకూ అదే అలవాటు. టార్చిలైటైనా, టేప్ రికార్డరైనా. శుక్రవారం ఆ డబ్బా చూశాను. కరెంటు మీద నడిచేదానికి సెల్స్ ఎందుకులే అని తీసేశాను. తుడిచి, కాగితంలో చుట్టి డ్రాయర్‌లో పెట్టాను కూడా.

కరెంటు ఆపాక ఆ దరువులు నిలిచేది సెల్స్ మీదేనట. ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఆ డబ్బాతో వచ్చిన పుస్తకం చదివితే తెలిసింది. మళ్లీ పెట్టి చూశాను. రావండీ. పోయినవి పోయినట్టే.

నిన్న అడిగింది. “డాడీ, దీన్ని ఎవరైనా టచ్ చేశారా?”

“లేదమ్మా” అన్నాను.

“అయితే నేనే” అని తల దించుకుని పైకెళ్లిపోయింది.

చెప్పాలనే మెట్లెక్కుతానండీ. ఎక్కి, తలుపు కొట్టి, అన్నం తిందువు రా తల్లీ అని చెప్పి దిగొచ్చేస్తున్నాను.