ఫోటో కింద పేరు

నార్వేలోని ఆ చేపల దీవిలో, చేపలకు ఉప్పు పట్టించే పాత షెడ్డే ఊరి చరిత్ర సంఘం ఆఫీసు. పాత ఫోటోల పుస్తకం సాయంత్రం పడవలో అచ్చుకు వెళ్లాలి. కార్యదర్శి చేతిలో ఓ ఉత్తరం ఉంది. ఎదురుగా, చిన్నప్పుడు ఆమెకు చదువు చెప్పిన ముసలాయన; ఫోటోల్లో ఉన్నది ఎవరెవరో చెప్పింది ఆయనే.

"మాస్టారూ, చుక్కాని పట్టుకున్నాయన ఇంగ్వాల్ అన్నారు కదా? ఈ ఫోటోకి మూడేళ్ల ముందే ఆయన సముద్రంలో పోయాడట. ఆయన మనవరాలు రాసింది."

"అయితే తమ్ముడై ఉంటాడు."

"తమ్ముళ్లే లేరట! నిజం చెప్పండి, మీకు అందరూ గుర్తున్నారా?"

"కొందరు గుర్తున్నారు. మిగతావాళ్లకి తోచిన పేరు చెప్పాను."

"అయ్యో, ఎందుకండీ?"

"తెలీదంటే 'పేరు తెలియదు' అని రాసేస్తారు మీరు. వాళ్లలో సగంమందికి సమాధైనా లేదు. పేరు కూడా లేకపోతే ఎలాగమ్మాయ్?"

"ఎంతమందికి అలా చెప్పారు?"

"లెక్క పెట్టుకోలేదు."

ఆమె గబగబా కాగితాలు తిరగేసి ఇంకో ఫోటో ముందుకు తోసింది. ఉప్పు పీపాల పక్కన నవ్వుతున్న పడుచు.

"ఈవిడ మా అమ్మమ్మ అన్నారు. మా అమ్మ తన తల్లి ముఖమే ఎరగదు. ఇది చూసి రోజంతా ఏడ్చి, దీని కాపీ మంచం పక్కన పెట్టుకుంది. ఇదైనా నిజమేనా?"

ముసలాయన కళ్లజోడు తీసి చాలాసేపు తుడిచాడు.

"నువ్వు అంత ఆశగా అడిగావు. కాదనడానికి నోరు రాలేదమ్మా."