ఆఖరి భాగహారం

ఆపరేషన్ గది బయట ఆ రిటైరైన లెక్కల మాస్టారు పొద్దుటినుంచీ కూర్చోలేదు. భార్యను లోపలికి తీసుకువెళ్లింది మొదలు, ఆసుపత్రివాళ్లు ఆమె చేతికి కట్టిన పట్టీ మీది సంఖ్యను ఫోన్‌లో భాగిస్తూ పచార్లు చేస్తున్నాడు. కూతురు బెంచీ మీద కూర్చుని చూస్తోంది.

“ఎక్కడిదాకా వచ్చింది నాన్నా, నీ పది లక్షల అయిదువేల తొమ్మిదివందల డెబ్భైమూడు?”

“తొమ్మిదివందల తొంభైఒకటి దాకా ఏ ప్రధాన సంఖ్యకీ లొంగలేదు. వెయ్యిమూడు వర్గం దీన్ని దాటిపోతుంది కాబట్టి, ఇక మిగిలింది తొమ్మిదివందల తొంభైఏడు ఒక్కటే. దానికీ లొంగకపోతే ఇదీ ప్రధాన సంఖ్యే.”

“మరి చెయ్యి.”

“చూద్దాంలే.”

“ఒక్క భాగహారానికి అరగంటగా తటపటాయిస్తున్నావు. దీనిమీద ఏదో పందెం కాసుకున్నావు కదూ?”

“నేనా? పందెమా?”

“ఇది దేనికీ లొంగకపోతే అమ్మకేం కాదని. పిల్లి ఎదురొస్తే ఆగుతుందని ఇన్నేళ్లూ అమ్మని ఆటపట్టించింది ఎవరో?”

ఆయన ఫోన్ కూతురి చేతికిచ్చాడు.

“నువ్వే చెయ్యి తల్లీ.”

ఆమె అంకెలు నొక్కి చూసి, ఫోన్ ఒళ్లో బోర్లా పెట్టింది.

“సరిగ్గా వెయ్యితొమ్మిది సార్లు పోయింది నాన్నా. శేషం లేదు.”

తలుపు మీది ఎర్రదీపం ఇందాకటిలాగే వెలుగుతోంది. ఆయన దానివంక చాలాసేపు చూశాడు.

“నాన్నా?”

“ఏం లేదమ్మా. ఆ సంఖ్యకి మీ అమ్మెవరో తెలీదు. లోపలున్న డాక్టరుకి తెలుసు.”

“ఇప్పుడైనా కూర్చుంటావా?”

“కాస్త జరుగు.”