ఎర్ర తాడు బిరడా

నేను అక్షరాలు దిద్దింది అరవై దాటాక. రాత నెమ్మది, తప్పులూ ఉంటాయి, మన్నించండి. మాటలు మాత్రం ఆ రోజు అన్నవి అన్నట్టే రాశాను. లుముట్ రేవు పక్కనే, మా ఆయన జమాల్ సరదాకి చేపలు పట్టుకునే చిన్న మోటారు పడవలో, నేనూ మా మరిది హమ్దానూ.

"పంపులో రబ్బరు చక్రం మార్చాను వదినా. ఇంజను పక్కనించి నీళ్ళు ఎలా చిమ్ముతున్నాయో చూడు. మెకానిక్కయితే నెల తిప్పేవాడు."

"అడుగున పగులు?"

"ఫైబరు అతికించి, సానబట్టి, రంగు కూడా వేశాను. అన్న పడవ, నాకు బాధ్యత ఉండదా?"

"మీ అన్న పోయిన రోజు పడవ ఎలా మునిగిందో ఇంకోసారి చెప్పు."

"మళ్ళీ ఎందుకులే."

"చెప్పు."

"కడిగిన నీళ్ళు వంపే అడుగు చిల్లుకి బిరడా పెట్టడం మరిచి బయల్దేరాడు. పడవతో పాటు తనూ పోయాడు. వయసు మీద పడింది కదా."

"రేవులో టీ కొట్టులోనూ అదే చెప్పావు. ఇప్పుడు ఎవరు గొడుగు మరిచిపోయినా 'జమాల్ బిరడా' అని నవ్వుతున్నారు."

"వాళ్ళ నోళ్ళు నేను మూయగలనా."

"మన ఇంట్లో బిరడా తీసినవాళ్ళు ఏం చేయాలి?"

"తాళంచెవికి కట్టాలి. నీకు తెలియదా ఏం."

"ఎందుకని?"

"తాళం తిప్పేటప్పుడు చేతికి తగులుతుందని. తాళంచెవికి లేదంటే చిల్లుకే ఉన్నట్టు. అన్న పెట్టిన పద్ధతేగా."

"పడవ పైకి లాగినప్పుడు తాళంచెవికి ఉందా?"

"లేదు."

"చిల్లుకి?"

"లేదన్నానుగా. ఎక్కడో పారేసుకుని ఉంటాడు."

"ముందురోజు పడవ కడిగి నీళ్ళు వంపింది ఎవరు?"

"అన్నే."

"ముందురోజు నా కంటి ఆపరేషనుకి మేమిద్దరం ఇపో పట్నంలో ఉన్నాం."

"అయితే అంతకుముందు కడిగాడేమో. వదినా, కాళ్ళకింద నీళ్ళేమిటి?"

"బాగుచేసింది నువ్వేగా."

"నా అతుకు ఊడదు. కొత్త బిరడా బిగించమన్నాను, బిగించావా?"

"తాళంచెవి చూసుకో."

"చూశాను, ఏమీ కట్టి లేదు. అంటే బిగించినట్టేగా."

"మీ అన్నా అలాగే అనుకున్నాడు."

"వదినా."

"పొద్దున స్పానరు అందించమన్నావు. నీ పనిముట్ల పెట్టె అడుగున ఈ పాత బిరడా దొరికింది. ఈ ఎర్ర తాడు నేను కట్టిందే."

"అది... కడిగాక జేబులో వేసుకున్నాను. ఎవరో టీకి పిలిస్తే అలాగే పోయాను. తర్వాత చెబుదామంటే నోరు రాలేదు. నీళ్ళు పెరుగుతున్నాయి, ఇలా ఇవ్వు వదినా."

"ఇస్తాను. ముందు ఆ టీ కొట్టు దాకా వినబడేలా అరిచి చెప్పు, మరిచిపోయింది ఎవరో."

— రొకయా, అరవై ఎనిమిదేళ్ళు. ఇప్పుడు ఉండేది తైపింగ్‌లో, మా చెల్లెలి దగ్గర.